వెనక్కి ఎక్కిన మెట్లు

మా ఇంటి మెట్లు బయట ఉంటాయి. గేటు తీసుకుని లోపలికి రాగానే ఎడమ పక్కన మొదలై, గోడ వెంబడే ఇంటి వెనక వైపుకు ఎక్కుతాయి. పైన డాబా తప్ప ఏమీ లేదు. పిట్టగోడ కూడా లేదు. ఏనాటికైనా పై అంతస్తు వేస్తామన్న ఆశతో అంచుల్లో ఇనప చువ్వలు వదిలేశాం. ఎనభైల్లో ఎల్బీనగర్ చుట్టుపక్కల లేచిన ఇళ్ళన్నీ అలాంటివే. ఏ ఇంటి నెత్తి మీద చూసినా తుప్పు పట్టిన చువ్వలే.

పై అంతస్తు సంగతి దేవుడెరుగు, మెట్ల కింద మిగిలిపోయిన ముక్కోణపు చోటు నా ప్రాణం తీసింది. నేను లెక్కల టీచర్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బళ్ళో పాఠం చెప్తుంటే పక్క రెండు క్లాసుల పిల్లలు కూడా నా గొంతుతోనే ఎక్కాలు నేర్చుకునేవాళ్ళు. ఇంట్లో జానెడు చోటు వృథాగా పోయినా నాకు ఒళ్ళు మండుతుంది. మావారు చక్రపాణి గారికి అలాంటి మంటలేవీ లేవు. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. నేను కూర్చోమన్న చోట కూర్చుని, తినమన్నది తిని, పాత రేడియోలు విప్పుకుంటూ బతికే మనిషి. మాకు పిల్లల్లేరు. అందుకని నా పెత్తనమంతా ఆయన మీదా ఇంటి మీదా పడింది.

అసలు ఆ ప్లాటే వంకర. వెనక సరిహద్దు తిన్నగా ఉండదు, పెద్ద పళ్ళెం బోర్లించి గీసినట్టు లోపలికి వంపు తిరిగి ఉంటుంది. అందుకే ఎవరూ తీసుకోక ఎనభై ఒకటిలో మాదాకా వచ్చింది. వంపు అవతల రాళ్ళూ తుమ్మ మొక్కలూ ఉన్న ఖాళీ చోటు. అదేమిటని అడిగితే ప్లాటు చూపించిన బ్రోకరు తేలిగ్గా చెప్పాడు. "బాయి ఉండె మేడమ్. పూడిపిచ్చిన్రు. ఇప్పుడేం లేదు."

గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాళ్ళం, పూడ్చిన బావి గురించి మాకేం పట్టింది? ఇల్లు మొదలుపెట్టాం. మేస్త్రీ బాపిరాజుది గోదావరి వైపు. మెట్లు ఎక్కడ పెట్టాలా అని నేల పొడిచి చూస్తూ ఒక రోజు నన్ను పిలిచాడు.

"అమ్మగారూ, ఇదిగోండి ఇక్కడ గడ్డపార దిగట్లేదండి. చుట్టూ మెత్తగా ఉంది గానీ, గేటు కాడి నుంచి వెనక్కి ఈ బద్ద ఒక్కటే రాయిలా ఉందండి. మెట్లు దీని మీదే పెట్టేద్దామండి. పునాది పని కలిసొస్తాదండి."

కలిసొస్తుందంటే నేనెందుకు వద్దంటాను! అలాగే పెట్టించాను. మెట్ల కింద వాలును గోడతో మూసి, వరండాలోంచి తలుపు పెట్టించాను.

మొదట అందులో బియ్యం బస్తాలు వేశాను. వారం తిరక్కుండా అడుగు బస్తా తడిసి ముక్కిపోయింది. నడి ఎండాకాలం. గోడ పొడిగానే ఉంది, నేల పొడిగానే ఉంది, బస్తా మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉంది. బస్తాలు తీసి కుట్టుమిషను పెడితే వారానికే తుప్పు పట్టింది. ఆ తర్వాత మెట్ల వాలుకు తగ్గట్టు ఎత్తు తగ్గుతూ పోయే చెక్క అరలు చేయించి పచ్చడి జాడీలు పేర్చాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో! కాలనీలో ఆడవాళ్ళు వచ్చి కొలతలు రాసుకుని పోయారు. మూడో రోజు తలుపు తీసేసరికి జాడీలన్నీ గేటు వైపుకు ఒరిగి ఉన్నాయి. ఏదో లాగి వదిలేసినట్టు అన్నీ ఒకే వైపు ఒరిగాయి, ఒక్కటీ పడలేదు.

వాసన కూడా ఒకటి వచ్చేది. తడిసిన తోలు వాసన. మావారి చెప్పులే అనుకుని మూడుసార్లు వీధిలో పారేశాను. ఆయన పాపం మూడుసార్లూ తెచ్చుకున్నారు.

ఎనభై అయిదు మార్చిలో తిక్క రేగి అరలన్నీ పీకించి పారేశాను. వస్తువులు ఉండనంటే మనుషులమే ఉందాం అనుకున్నాను. ఆయన రేడియోల కోసం ఒక బల్ల వేయించి, బల్బు పెట్టించి, రెండు కేను కుర్చీలు వేశాను. ఎదురెదురుగా వేస్తే వాలు తలకు కొడుతోంది. అందుకని పక్కపక్కనే, ఇద్దరి మొహాలూ గేటు వైపుకు ఉండేలా సర్దాను. ఇల్లంతా పెనంలా కాలే ఎండల్లో అక్కడ చల్లగా ఉండేది. పొద్దున కాఫీ, సాయంత్రం టీ, రెండూ అక్కడే. ఇన్నాళ్ళకు ఆ చోటును లొంగదీశానని నాకు చెప్పలేనంత గర్వం వేసింది.

మేలో బడికి సెలవులిచ్చారు. ఒక సోమవారం పొద్దున్నే డాబా మీద వడియాలు పెడదామని పిండి గిన్నెతో బయటికొచ్చాను. మావారు మెట్లు ఎక్కుతున్నారు. వెనక్కి ఎక్కుతున్నారు. మొహం గేటు వైపు, వీపు డాబా వైపు. గోడ పట్టుకోలేదు, కిందికి చూసుకోలేదు, ఒక్క మెట్టు తడబడలేదు. తల కొంచెం వంచి, అలా వెనక్కి వెనక్కి పైకి పోయారు.

"ఏమండీ, ఏమిటా వేషాలు?" అని కేకేశాను.

ఆయన ఆగి, కిందికి చూసి, మామూలుగా దిగొచ్చారు. "ఏం వేషాలు లలితా? డాబా మీదికి వెళ్ళాను, అంతేగా?" అన్నారు. వెనక్కి ఎక్కారని చెప్తే నవ్వారు. ఆయన ఆటలు పట్టించే మనిషి కాదు. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

ఆఫీసు మాటే మరిచి మధ్యాహ్నం లోపు మరో పదిసార్లు ఎక్కి దిగారు. దిగేటప్పుడు అందరిలాగే ముందుకి, కానీ బరువు లాగుతున్నట్టు ముందుకు వంగి దిగుతారు. ఎక్కేటప్పుడు వెనక్కి. మెట్లు అయిపోయాక కూడా ఆగరు. డాబా మీద అలాగే వెనక్కి నడుస్తారు. నేను గట్టిగా అరిస్తేనే ఆగుతారు. ఆ సాయంత్రం ఆయన చివరిసారి ఆగిన చోట సుద్దముక్కతో గీత గీశాను. గీత నుంచి వెనక అంచుకు పది అడుగులు. అంచు కింద ఆ రాళ్ళ చోటు.

మంగళవారం మళ్ళీ గీశాను. ఎనిమిది అడుగులు. రోజుకు రెండేసి అడుగులు తగ్గితే ఏ రోజుకు ఏమవుతుందో తెలుసుకోవడానికి నాకు కాగితం అక్కర్లేదు. శనివారం.

అదే రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నాడి చూసి, కళ్ళలోకి లైటు వేసి, నిద్ర తక్కువైందని మాత్రలు రాశాడు. ఆ డాక్టరు ముందు మావారు చక్కగా మాట్లాడారు. ఇంటికొచ్చి చెప్పులు విడిచి నేరుగా మెట్ల దగ్గరికి పోయి వీపు తిప్పి నిలబడ్డారు.

బుధవారం బాపిరాజును పిలిపించాను. సాయంత్రానికల్లా పిట్టగోడ లేవాలన్నాను. పాపం నా అరుపులకు జడిసి ఇద్దరు కూలీలను పెట్టుకుని నాలుగు వైపులా నడుము ఎత్తు గోడ లేపాడు. ఆ రాత్రి నేను నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున చూస్తే మూడు వైపులా గోడ కట్టింది కట్టినట్టే ఉంది. వెనక వైపు ఒక్క ఇటుక లేదు. అన్నీ కింద రాళ్ళ చోట పడి ఉన్నాయి. బాపిరాజు అంచున నిలబడి కిందికి చూశాడు.

"అమ్మగారూ, ఇంత ఎత్తు నుంచి పడిన ఇటుకలు చెల్లాచెదురుగా పడాలి కదండీ. చూడండి, గుండ్రంగా పడ్డాయండి. బావికి ఒర పేర్చినట్టు ఉందండి."

నేను చూశాను. అలాగే ఉంది. బాపిరాజు తాపీ, తూకం గుండు సంచిలో వేసుకుని, ఇంకో పని ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు.

ఆ గురువారం పొద్దునే సరూర్‌నగర్ నుంచి పాలు పోసే సత్తెమ్మ వచ్చింది. మావారు అప్పుడే పైకి ఎక్కుతున్నారు. నేను కింద నిలబడి "ఏమండీ, ఆగండి" అని అరుస్తున్నాను. ఒక అరుపుకు ఆగే మనిషి ఆ రోజు నాలుగు అరుపులకు గానీ ఆగలేదు. గీతకూ అంచుకూ మధ్య ఇక నాలుగు అడుగులే. సత్తెమ్మ పాల క్యాను నేల మీద పెట్టి నోరు తెరిచి చూస్తోంది.

"టీచరమ్మ, సారు ఏంది గట్ల ఎక్కుతుండు? అచ్చం మోట ఎద్దు లెక్క!"

మోట అంటే ఏమిటో నాకు తెలియదు. మా వైపు పొలాలకు కాలవ నీళ్ళు. అడిగితే ఆమె చెప్పలేదు. మెట్లను కింది నుంచి పై దాకా, ఆ తర్వాత ఇంటి వెనక వైపును చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీ మెట్లు మోట బాట మీద గట్టిన్రమ్మ. గిది దశరథ పటేలు బాయి. అందరికి కరెంటు మోటర్లు ఒచ్చినా గాయన మోట ఇడువలే. అంతయ్య తాత తోలుతుండె. జర ఆయనను అడుగున్రి. నాకు భయమైతుంది, నేను పోత."

శుక్రవారం పొద్దున తలుపులన్నీ వేసి మావారిని లోపల పెట్టి తాళం వేశాను. మంచం మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంటే కాసేపు కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి లేచారు. గది ఈ చివర నుంచి ఆ చివరకు వెనక్కి నడవడం, వెనక గోడకు వీపు తగలడం, మళ్ళీ ముందుకు రావడం. ధబ్, ధబ్ మని చప్పుడు. నేను ఎంత అరిచినా ఆగలేదు. గోడకు అడ్డంగా పరుపు పెడితే పక్కకు జరిగి గోడకే తగిలారు. పదకొండింటికి చొక్కా వీపు మీద రక్తం కనపడింది. ఇంకో రోజు ఇలా ఉంచితే వెన్నెముక విరుగుతుంది. ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది.

పక్కింటి భారతమ్మ గారిని కాపలా కూర్చోబెట్టి, సత్తెమ్మను బతిమాలి, అంతయ్య ఇంటికి వెళ్ళాను. సరూర్‌నగర్ చెరువు దగ్గర పాత పెంకుటిల్లు. డెబ్బై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. సత్తెమ్మ నేనెవరో చెప్పగానే చుట్ట ఆర్పేశాడు. ఆయన గొంతు రంపం పెట్టి కోసినట్టు సన్నగా, గరగరమంటూ ఉంది.

"గా బాట మీద మెట్లు వెట్టిన్రా!"

"మోటంటే ఏమిటి? మా ఆయనకు ఏమైంది? ముందు అది చెప్పండి" అన్నాను.

"పెద్ద తోలు సంచమ్మ. దానికి మోకు గట్టి, మోకును జోడెడ్ల కాడికి గడ్తం. బాయి కాడికెంచి ఎడ్లు కిందికి దిగుతె నిండిన సంచి పైకొస్తది, నీళ్ళు కాల్వల పడ్తయి. మల్ల సంచి బాయిలకు దిగాల్నంటె ఎడ్లు ఎనకకు ఎక్కాలె. దిగుడు ముంగటికి, ఎక్కుడు ఎనకకు. పొద్దుందాక గదే పని. తొక్కి తొక్కి బాట రాయి లెక్క అయితది."

"వెనక్కి నడిస్తే బావి ఎలా కనపడుతుంది?"

"కనవడది. మోట ఎద్దు బాయిని ఎన్నడు సూడదు. తోలెటోడు ఆగు అంటె ఆగుతది. తోలెటోని గొంతు మీదనె నమ్మకం. గొంతు లేకుంటె పోతనె ఉంటది."

అరుగు మీద కూలబడ్డాను. నా గొంతు ఇక ఆయనకు వినపడటం లేదని చెప్పాను. రేపు శనివారమని చెప్పాను. అప్పుడు అంతయ్య చెప్పడం మొదలుపెట్టాడు. సత్తెమ్మ కూడా అది ఎప్పుడూ వినలేదట.

"పటేలు భూమి అమ్మిండు. రిజిస్ట్రీ దినం పొద్దుగాల ఆఖరి తడి వెడ్తున్న. సాక్షి ఏలిముద్ర ఎయ్యాలె రమ్మని జీపు ఒచ్చింది. ఎడ్లు ఎర్రోడు, కర్రోడు అప్పుడె బాట ఎక్కుతున్నరు. కాడి ఇప్పి ఒస్తనంటె డ్రైవరు తొందర వెట్టిండు. ఆగున్రి అని ఒక మాట అని పోయిన. ఆడ పని కాంగనె కల్లు దాపిచ్చిన్రు. మాపటికి ఒచ్చి సూస్తె బాట మీద ఎడ్లు లెవ్వు. మోకు బాయిలకు దిగి ఉన్నది."

"బావిలో పడ్డాయా?"

"రెండూ. కాడితోటె. తెల్లారి లారీలు మట్టి తెచ్చి పోసినయి. నేను పక్కన నిలవడి సూసిన. ఎడ్లు తప్పిపోయినయని పటేలుకు చెప్పిన. ఎవ్వలకు నిజం చెప్పలె. గా దినంకెంచి నా గొంతు గిట్లనె ఉన్నది."

ఆ ముసలాయనను చూసి జాలి పడాల్సింది. నాకు జాలి రాలేదు. ఎక్కడలేని కోపం వచ్చింది. "మీరు విప్పకుండా వదిలిన కాడి మా ఆయన మెడ మీద ఉంది. వచ్చి విప్పండి" అన్నాను.

"ఆగు అని అరిశె గొంతు నాకు లేదమ్మ."

"గొంతు లేకపోతే చేతులున్నాయి కదా! కాడి విప్పేది చేతులతోనే కదా!"

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "పొద్దుగాల ఒస్త" అన్నాడు.

శనివారం ఎండ రాకముందే వచ్చాడు. తలకు తెల్లటి రుమాలు కొత్తగా చుట్టుకున్నాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, మెట్ల ముందు నేలను వంగి ముట్టుకుని, కళ్ళకద్దుకున్నాడు. నేను తలుపు తాళం తీశాను. మావారు నన్ను దాటుకుని బయటికి వచ్చారు. గడ్డం పెరిగి, వీపు మీద కట్టు, కళ్ళు ఎటో చూస్తున్నాయి. మెట్ల దగ్గర గేటు వైపు తిరిగి నిలబడ్డారు.

"ఒంటరిగ ఎక్కనియ్యకమ్మ. పక్కన నువ్వు నడువు. చెయ్యి ఇడువకు. నేను ముంగట ఒస్త" అన్నాడు అంతయ్య.

మావారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎక్కాం. ఇద్దరం పట్టే వెడల్పు లేదు ఆ మెట్లకు, భుజానికి భుజం రాసుకుంటూ ఎక్కాం. నా కళ్ళ ముందు మా గేటు, గేటు అవతల మట్టి రోడ్డు, రోడ్డు మీద నిన్న ఎవరో దింపించిన ఇసక కుప్ప, క్రమంగా కిందికి దిగిపోయాయి. మాకు ఎదురుగా ఒక్కో మెట్టూ ఎక్కుతూ అంతయ్య వస్తున్నాడు. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి. ఎప్పుడు డాబా మీదికి వచ్చామో తెలియలేదు. నా గీతలు ఒక్కొక్కటే మా కాళ్ళ ముందుకు వచ్చాయి. పది అడుగుల గీత, ఎనిమిది అడుగుల గీత, ఆరు. నేను "ఏమండీ ఆగండి, ఏమండీ" అంటూనే ఉన్నాను. ఆయన ఆగడం లేదు. నాలుగు అడుగుల గీత దాటింది.

అంతయ్య రెండు అంగల్లో మా మీదికి వచ్చేశాడు. మావారి మెడకు అటూ ఇటూ చేతులు వేసి, అక్కడ నిజంగా ఒక దూలం ఉన్నట్టు, బలమంతా పెట్టి పైకి ఎత్తాడు. ముసలి చేతుల నరాలు తేలాయి. పక్కకు దించి నేల మీద పెట్టినట్టు వంగాడు. "ఎర్రోడా, ఇగ సాలు బిడ్డా. పో" అన్నాడు ఆ గరగర గొంతుతో.

మావారు ఆగారు. ఒక్క నిట్టూర్పు విడిచి మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ నేలకు ఆనించారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు. వారం రోజుల తర్వాత ఆ కళ్ళు నన్ను గుర్తుపట్టాయి. "లలితా, వీపు మండుతోంది. కొంచెం కాఫీ ఇస్తావా?" అన్నారు.

అంత ఆనందం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. అప్పటిదాకా రాని ఏడుపు తన్నుకొచ్చింది. "ఇస్తాను, ఇప్పుడే పెడతాను" అంటూ ఆయన చెయ్యి వదిలి మెట్ల వైపు నడిచాను.

మెట్లు నాకు ఎదురుగానే ఉన్నాయి. వాటినే చూస్తూ నడిచాను. రెండు అడుగులు వేశాక చూస్తే అవి ఇందాకటి కంటే దూరంగా ఉన్నాయి. ఏడుస్తున్నాను కాబట్టి అలా కనపడుతోంది అనుకుని ఇంకో అడుగు వేశాను. మెట్లు ఇంకా దూరం జరిగాయి. మావారూ, అంతయ్యా కూడా దూరం జరిగారు.

అంతయ్య అప్పుడే నడుం నిటారు చేసి నా వైపు తిరిగాడు. మావారి భుజం పట్టుకుని కుదిపాడు. "జోడు, అయ్యా, జోడు! మోటకు ఒక్కదాన్ని గట్టరు" అని గొణిగాడు. నన్ను చూస్తూ నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు.

ఆ మాట వినేసరికి నాకు అర్థమైంది. మెట్ల కింద వేసిన ఆ కుర్చీలు రెండు. ఇన్నాళ్ళూ మావారి పక్కన కూర్చున్నది నేనే. ఇందాక మెట్లు ఎక్కుతూ నేను చూసింది గేటును. ఆగాలని నాకు తెలుస్తూనే ఉంది. కానీ కాళ్ళు వెనక్కి నడుస్తూనే ఉన్నాయి. తల తిప్పి చూడాలనుకున్నాను, మెడ తిరగలేదు. ఆగు అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు క్లాసులకు వినపడే నా గొంతు నా కాళ్ళకు వినపడలేదు.

"లలితా! ఆగు!"

మావారు మోకాళ్ళ మీదే ఉండి అరిచారు. కాలనీ అంతా వినపడేలా అరిచారు. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న భారతమ్మ గారు కూడా ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోయారు.

నా కాళ్ళు ఆగాయి.

"కదలకు. అక్కడే ఉండు. నన్నే చూడు" అన్నారు. నేను ఆయననే చూశాను. వెనక ఏముందో నాకు కనపడటం లేదు. కుడి మడమ కింద నేల లేదని మాత్రం తెలుస్తోంది. పాదానికి ఒక చువ్వ చల్లగా తగులుతోంది. ఆయన మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్క క్షణం కూడా మాట ఆపకుండా, "ఆగు, ఆగు, వస్తున్నాను, ఆగు" అంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకున్నారు.

అంతయ్య వచ్చి నా మెడకు అటూ ఇటూ చేతులు వేశాడు. ఆయన ఏడుస్తున్నాడు. "కర్రోడా, నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. పో" అని పైకి ఎత్తాడు.

నా మెడ మీంచి బరువు లేచింది. అది ఎప్పటి నుంచి అక్కడ ఉందో నాకు తెలియదు, ఉందని కూడా తెలియదు. మావారి భుజం మీద పడి, ముందుకు ఒక అడుగు వేశాను.